నెల్లూరు తీరంలో మాజీ సైనికుల కుటుంబాలు: హక్కులు, ఆధారపత్రాలు

సైన్యం, నౌకాదళం, వైమానిక దళాల నుంచి విరమించినవారికీ, వారి తదనంతరం భార్యాబిడ్డలకూ భారత ప్రభుత్వం కల్పించిన సౌకర్యాలు పింఛను, కుటుంబ పింఛను, వైద్యం, పిల్లల చదువు, నిరుపేదలకు నెలవారీ సహాయం అనే రూపాల్లో చాలాకాలంగా అమలులో ఉన్నాయి. ఈ సౌకర్యాలు కావలి, అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు ప్రాంతాల్లోని ఏదో ఒక ఇంటికి చేరకుండా ఆగిపోయినప్పుడు, సైనికుడి సేవా పత్రాల్లో నమోదైన కుటుంబ వివరాలకూ ఇంట్లో ఉన్న కుటుంబానికీ పొంతన కుదరకపోవడమే తరచుగా అందుకు కారణమవుతుంది. నెల్లూరు జిల్లాలో ఈ చిక్కును వలస మరింత బిగించింది. పిల్లలు అమెరికాలోనో కువైట్‌లోనో స్థిరపడగా వృద్ధ దంపతులు ఊళ్లో మిగిలిపోయిన ఇళ్లు ఉన్నాయి. విరమించిన సైనికుడే పిల్లల దగ్గరకు వెళ్లి, పింఛను ఆగకుండా అక్కడి నుంచే చూసుకోవలసి వచ్చిన ఇళ్లూ ఉన్నాయి.

సైనికుడి విరమణ మిగిలిన ఉద్యోగుల విరమణ వంటిది కాదు. జవాను స్థాయిలో చేరినవారికి సాధారణంగా 15 ఏళ్ల సేవతో, అధికారులకు 20 ఏళ్ల సేవతో పింఛను అర్హత వస్తుంది కనుక, పద్దెనిమిది, ఇరవై ఏళ్ల వయసులో చేరిన యువకుడు నలభై నిండకముందే పింఛనుదారుగా ఇంటికి చేరతాడు. అప్పటికి పిల్లలు బడిలో ఉంటారు, తల్లిదండ్రులు వృద్ధులవుతారు. ఆ వచ్చిన మనిషి మరో ఇరవై ఏళ్లు ఏదో ఒక ఉద్యోగం చేయక తప్పదు. బ్యాంకుల్లో, ఓడరేవుల్లో, గల్ఫ్ దేశాల్లో భద్రతా ఉద్యోగాలకు మాజీ సైనికులు వెళ్లడం వెనుక ఈ లెక్కే ఉన్నది. పింఛనుకు కావలసిన సేవాకాలం నిండకముందే ఇంటికి చేరినవారు కూడా ఉన్నారు. బలగాల తగ్గింపు వంటి కారణాల వల్ల విడుదలైనవారిని ప్రభుత్వం నిర్ణీత షరతులతో మాజీ సైనికులుగానే గుర్తిస్తుంది గానీ, వారికి నెలవారీ పింఛను ఉండదు. ఈ తేడా ఊళ్లో చాలామందికి తెలియదు; పింఛను లేదు కాబట్టి ఏ హక్కూ లేదనుకొని సైనిక సంక్షేమ కార్యాలయం గడప తొక్కనివారు ఉంటారు. వారికి ఉద్దేశించిన సహాయం ప్రత్యేకంగా ఉన్నది, దాని వివరం తరువాత వస్తుంది.

ఈ వ్యవహారాలన్నిటికీ జిల్లాలో తలుపు ఒక్కటే: నెల్లూరులోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత, 1919లో, ఇళ్లకు తిరిగి వచ్చిన సైనికుల యోగక్షేమాల కోసం ఢిల్లీలో ఏర్పడిన బోర్డే నేటి కేంద్రీయ సైనిక్ బోర్డుకు మూలం. దాని కింద రాష్ట్ర స్థాయి వ్యవస్థ, జిల్లాల్లో జిల్లా సైనిక బోర్డులు పనిచేస్తాయి. జిల్లా బోర్డుకు కలెక్టరు అధ్యక్షత వహిస్తారు, రోజువారీ పనిని జిల్లా సైనిక సంక్షేమ అధికారి నడిపిస్తారు. ఆ పదవిలో ఉండేవారు స్వయంగా సైనికదళాల్లో పనిచేసి వచ్చినవారు కావడం ఆనవాయితీ. మాజీ సైనికుడి గుర్తింపు కార్డు, భర్త పోయిన స్త్రీకి ఇచ్చే గుర్తింపు కార్డు, పిల్లల ప్రవేశాలకు కావలసిన ధ్రువపత్రాలు, కేంద్రీయ సైనిక్ బోర్డుకు పోయే దరఖాస్తుల పరిశీలన, భూమి తగాదాలపై రెవెన్యూ అధికారులకు రాసే లేఖలు అన్నీ ఇక్కడి నుంచే సాగుతాయి. విరమించి వచ్చిన ప్రతి సైనికుడూ మొదట చేయవలసిన పని ఈ కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోవడం. అది చేయనివారి కుటుంబానికి, ఆయన పోయిన తరువాత, ఆయన సైనికుడని రుజువు చేయడమే ఒక పెద్ద పనిగా మారుతుంది.

ఇక కాగితాల సంగతి. ప్రతి సైనికుడికీ విడుదల సమయంలో డిశ్చార్జి బుక్ అనే పుస్తకం, పి.పి.ఓ. అని అందరూ పిలిచే పింఛను చెల్లింపు ఉత్తర్వు ఇస్తారు. మొదటిదానిలో సేవా వివరాలు, కుటుంబ సభ్యుల పేర్లు, పుట్టిన తేదీలు ఉంటాయి. రెండవదానిలో పింఛను మొత్తం, కుటుంబ పింఛనుకు అర్హత ఉన్న భార్య పేరు ఉంటాయి. ఈ వివరాల అసలు ప్రతి ఇంట్లో ఉండదు, ఆయన పనిచేసిన దళానికి చెందిన రికార్డ్ ఆఫీసులో ఉంటుంది. మద్రాస్ రెజిమెంటు వారిది నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో, మద్రాస్ ఇంజినీర్ల దళానిది బెంగళూరులో, శతఘ్ని దళానిది నాసిక్‌లో, సిగ్నల్స్ దళానిది జబల్‌పూర్‌లో, ఈ.ఎం.ఈ. అనే యాంత్రిక విద్యుత్ ఇంజినీర్ల దళానిది సికింద్రాబాద్‌లో ఉన్నాయి. నావికుల పత్రాలు ముంబయిలో, వైమానిక దళం వారివి ఢిల్లీలో ఉంటాయి. తన భర్త ఏ దళంలో పనిచేశాడో, ఆయన సర్వీసు నంబరు ఏదో తెలియని భార్య ఈ దేశపటంలో ఎక్కడికి ఉత్తరం రాయాలి?

పేర్ల దగ్గర వచ్చే చిక్కును కొంత దగ్గరగా చూడవలసి ఉన్నది. 1970, 80 దశకాల్లో నెల్లూరు పల్లెల నుంచి చేరిన యువకుడు పెళ్లయిన తరువాత తన యూనిట్‌లో భార్య పేరు నమోదు చేయించినప్పుడు, తెలుగు రాని గుమాస్తా విన్నది విన్నట్టు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. ఇంటిపేరు చివరకు వెళ్లింది, లేదా పూర్తిగా పోయింది, వెంకటసుబ్బమ్మ సుబ్బమ్మగా మిగిలింది, పుట్టిన తేదీ తెలియదంటే సంవత్సరం ఒక అంచనాగా పడింది. ఆ తరువాత రేషన్ కార్డులో ఒక రకంగా, ఆధార్‌లో మరో రకంగా, బ్యాంకు పుస్తకంలో ఇంకో రకంగా అదే స్త్రీ పేరు స్థిరపడింది. భర్త బతికి ఉన్నంతకాలం ఈ తేడా ఎవరికీ పట్టదు, ఎందుకంటే పింఛను ఆయన పేరున వస్తున్నది. ఆయన పోయిన మరునాటి నుంచి ఆ నాలుగు కాగితాల్లోని నలుగురూ ఒక్కరేనని ఆమె నిరూపించుకోవాలి. భర్త ఉన్నప్పుడు ఆయన సంతకంతో, ఆధార్, వివాహ ధ్రువపత్రం, నిర్ణీత రూపంలో ప్రమాణపత్రం జతచేసి రికార్డ్ ఆఫీసుకు పంపితే సరిపోయే సవరణ, ఆయన పోయిన తరువాత సాక్షులు, విచారణలు, నెలల తరబడి ఎదురుచూపుగా మారుతుంది. దుఃఖంలో ఉన్న మనిషిపై ఇంత భారం మోపడం అన్యాయమే. దానిని ముందే తప్పించే వీలు ఉండి కూడా తప్పించకపోవడం మరింత బాధాకరం.

తీరప్రాంతంలో కాగితాలకు మరో శత్రువు నీరు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన పెనుతుపానులో గానీ, 2021 నవంబరులో పెన్నా పొంగి నెల్లూరు, కోవూరు పరిసరాలను ముంచినప్పుడు గానీ తడిసిపోయినవి బియ్యపు బస్తాలు మాత్రమే కావు. ఇనప్పెట్టెల్లో దాచుకున్న పత్రాలకూ అదే గతి పట్టే ప్రమాదం ఉన్నది. ఇప్పుడు రక్షణ పింఛన్ల ఉత్తర్వులు ఎలక్ట్రానిక్ రూపంలో వస్తున్నాయి, డిజిలాకర్‌లో భద్రపరచుకోవచ్చు. పాత పుస్తకాన్ని పుటపుటా ఫొటో తీసి, విదేశంలో ఉన్న కొడుకు దగ్గరో కూతురి దగ్గరో ఒక ప్రతి ఉంచడానికి ఖర్చేమీ కాదు.

కుటుంబ పింఛను మూడు తరగతులుగా ఉన్నది. సేవతో సంబంధం లేని కారణంతో మరణించిన సైనికుడి భార్యకు ఇచ్చేది సాధారణ కుటుంబ పింఛను. ఇది చివరి వేతనంలో 30 శాతం. విరమణ తరువాత మరణించినవారి విషయంలో మొదటి ఏడేళ్లు, లేదా ఆయనకు 67 ఏళ్లు నిండవలసిన తేదీ వరకు, రెండింటిలో ఏది ముందైతే అంతవరకు, నియమాల పరిమితికి లోబడి హెచ్చు రేటున ఇస్తారు. సైనిక సేవ కారణంగానే మరణం సంభవిస్తే ఇచ్చే ప్రత్యేక కుటుంబ పింఛను చివరి వేతనంలో 60 శాతం. యుద్ధంలో, శత్రువుతో పోరులో, ఉగ్రవాదులపై చర్యలో ప్రాణం కోల్పోయినవారి కుటుంబానికి చివరి వేతనమంతా పింఛనుగా వస్తుంది, దీనిని ఉదారీకృత కుటుంబ పింఛను అంటారు. భార్య తరువాత ఈ హక్కు ఎవరిది అన్న ప్రశ్నకు జవాబు ఎంతోమందికి తెలియదు. సంపాదించుకోలేని స్థితిలో ఉన్న వికలాంగ సంతానానికి జీవితాంతం కుటుంబ పింఛను లభిస్తుంది. పాతికేళ్లు దాటినా తల్లిదండ్రులపై ఆధారపడిన అవివాహిత, వితంతు, విడాకులు పొందిన కుమార్తెలకూ ఆదాయ పరిమితికి లోబడి అర్హత ఉన్నది. బిడ్డ వైకల్యం గురించి బయట చెప్పుకోవడానికి సంకోచించి రికార్డుల్లో ఎక్కించని తల్లిదండ్రులు, తమ తదనంతరం ఆ బిడ్డకు దక్కవలసిన ఏకైక ఆధారాన్ని తెలియక దూరం చేస్తున్నారు. వైద్యమండలి ధ్రువపత్రంతో ఆ బిడ్డ పేరును ఇప్పుడే నమోదు చేయించడం వారు చేయగల గొప్ప మేలు.

పింఛను చెల్లింపు పద్ధతి గత కొన్నేళ్లలో పూర్తిగా మారింది. 2021 నుంచి అమలులోకి వచ్చిన స్పర్శ్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో, బ్యాంకుల పింఛను కేంద్రాల ప్రమేయం లేకుండా, ప్రయాగ్‌రాజ్‌లోని రక్షణ పింఛన్ల ప్రధాన లెక్కల కార్యాలయం మంజూరు చేసిన మొత్తం నేరుగా ఖాతాలో పడుతుంది. ఒకే హోదా, ఒకే సేవాకాలం ఉన్నవారికి ఎప్పుడు విరమించినా ఒకే పింఛను అనే సూత్రం 2014 జూలై 1 నుంచి వర్తించి, ఐదేళ్లకోసారి, అంటే 2019లోనూ 2024లోనూ సవరించబడింది. ఆ సవరణ బకాయిలు కూడా ఇదే దారిలో వస్తాయి. ఏడాదికోసారి పింఛనుదారు బతికి ఉన్నట్టు ధ్రువపరచాలి. చాలామంది దీనిని నవంబరులో చేస్తారు. ధ్రువపత్రం పడకపోతే పింఛను ఆగిపోతుంది. పొలం పనిలో, వల పనిలో అరిగిన వేళ్లకు యంత్రం వేలిముద్ర పట్టకపోవడం తీరప్రాంతంలో పదేపదే ఎదురయ్యే ఇబ్బంది. అటువంటివారు సెల్‌ఫోన్‌లో ముఖం చూపి ధ్రువపరచే పద్ధతిని వాడుకోవచ్చు. పోస్ట్‌మన్‌ను ఇంటికే పిలిపించుకొని, పోస్టాఫీసు పేమెంట్స్ బ్యాంకు ద్వారా 70 రూపాయల రుసుముతో ఆ పని పూర్తిచేయించుకోవచ్చు. గ్రామాల్లోని కామన్ సర్వీస్ కేంద్రాల్లోనూ ఈ సేవ ఉన్నది. మంచం పట్టిన మనిషిని ఆటోలో వేసుకొని నెల్లూరు దాకా తీసుకుపోవలసిన అవసరం ఇప్పుడు లేదన్న సంగతి ప్రతి ఊరికీ తెలియాలి.

విదేశంలో నివసిస్తున్న పింఛనుదారు ఆ దేశంలోని భారత రాయబార కార్యాలయంలో గానీ, హైకమిషన్‌లో గానీ, కాన్సులేట్‌లో గానీ అధికారి సంతకంతో జీవన ధ్రువపత్రం తీసుకొని స్పర్శ్‌కు సమర్పించవచ్చు. నవంబరు నెలలో పలు కార్యాలయాలు ఇందుకోసం ప్రత్యేక శిబిరాలు నడుపుతాయి కాబట్టి, కూతురి పురిటికి వెళ్లి ఆరు నెలలు ఉండిపోయిన తల్లి అక్టోబరులోనే ఆ తేదీలు తెలుసుకోవడం మంచిది. ప్రవాసిగా మారినవారు పింఛను పడే ఖాతాను ఎన్.ఆర్.ఓ. ఖాతాగా, అంటే ప్రవాస భారతీయులు దేశంలోని తమ ఆదాయాన్ని రూపాయల్లో జమచేసుకొనే ఖాతాగా మార్చుకోవాలి. ఆ డబ్బును పన్ను నియమాల ప్రకారం విదేశానికి పంపుకోవచ్చు. చిరునామా, ఫోన్ నంబరు మారితే స్పర్శ్‌లో మార్చడం మరవకూడదు, ఎందుకంటే వచ్చే ప్రతి సందేశమూ, ప్రవేశ సంకేతమూ ఆ నంబరుకే పోతుంది. తండ్రి పాత సిమ్ కార్డు నెల్లూరులో రీఛార్జి లేక మూగబోయి ఉంటే, అమెరికాలో ఉన్న కొడుకు ఎంత చదువుకున్నవాడైనా ఆ ఖాతా తెరవలేడు.

వైద్యం విషయంలో ఆధారం ఈ.సి.హెచ్.ఎస్., అంటే మాజీ సైనికుల అంశదాయి ఆరోగ్య పథకం. 2003 ఏప్రిల్ 1న మొదలైన ఈ పథకంలో పింఛనుదారు హోదాను బట్టి ఒకేసారి కొంత మొత్తం (హవల్దారు వరకు 30,000 రూపాయలు) చెల్లిస్తే, జీవితాంతం దంపతులకూ ఆధారపడిన పిల్లలకూ తల్లిదండ్రులకూ నియమాలకు లోబడి వైద్యం లభిస్తుంది. యుద్ధంలో భర్తను కోల్పోయిన స్త్రీలకు ఆ చెల్లింపు కూడా లేదు. చికిత్స మొదట పాలీక్లినిక్‌లో, అక్కడి సిఫారసుపై ఒప్పందం ఉన్న ఆసుపత్రిలో జరుగుతుంది. అత్యవసర పరిస్థితిలో ఒప్పందం లేని ఆసుపత్రిలో చేర్చవలసి వస్తే, 48 గంటల లోపు పాలీక్లినిక్‌కు తెలియజేయడం తప్పనిసరి. ఈ ఒక్క నియమం తెలియక లక్షల రూపాయల బిల్లును తిరిగి రాబట్టుకోలేని పరిస్థితి రాకూడదు. విదేశంలో ఉన్న పిల్లలు ఫోన్ మీద ఆసుపత్రి ఎంపిక చేసి డబ్బు పంపడం కంటే, ఆ 48 గంటల్లో పాలీక్లినిక్‌కు వెళ్లి చెప్పగల బంధువునో పొరుగువారినో ముందే నిర్ణయించి పెట్టడం ఎక్కువ ఉపకరిస్తుంది.

పింఛను లేని మాజీ సైనికుల సంగతి ఇక్కడ వస్తుంది. 65 ఏళ్లు దాటి, హవల్దారు లేదా దానికి సమానమైన హోదా వరకు పనిచేసి, పింఛను లేకుండా పేదరికంలో ఉన్నవారికీ, అటువంటివారి వితంతువులకూ రక్షణ మంత్రి సంక్షేమ నిధి నుంచి జీవితకాలం నెలవారీ సహాయం అందుతుంది. 4,000 రూపాయలుగా ఉన్న ఆ మొత్తాన్ని 2025 నవంబరు నుంచి 8,000కు పెంచారు. అదే నిర్ణయంతో పిల్లల చదువుకు ఇచ్చే సహాయం నెలకు 1,000 నుంచి 2,000 రూపాయలకు, కుమార్తె వివాహానికి ఇచ్చేది 50,000 నుంచి లక్ష రూపాయలకు పెరిగాయి. వృత్తివిద్య చదివే పిల్లలకు ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ కింద ఆడపిల్లలకు నెలకు 3,000, మగపిల్లలకు 2,500 రూపాయలు ఇస్తారు. ఏటా కొత్తగా 5,500 మందిని ఎంపిక చేస్తారు. ఇవన్నీ ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకొని, జిల్లా సైనిక సంక్షేమ అధికారి పరిశీలన ద్వారా పొందవలసినవి.

ఇతర దేశాల్లో ఉన్న తమ మాజీ సైనికులను రాజ్యాలు ఎలా చూసుకుంటున్నాయన్నది గమనించదగినది. ఈ విషయంలో భారతదేశం గర్వించదగిన ఉదాహరణ నేపాల్‌లో ఉన్నది: భారత సైన్యంలో పనిచేసి స్వదేశం చేరిన గూర్ఖా సైనికుల కోసం ఖాట్మండు, పోఖరా, ధరాన్‌లలో పింఛను చెల్లింపు కార్యాలయాలనూ, ఈ.సి.హెచ్.ఎస్. పాలీక్లినిక్‌లనూ మన ప్రభుత్వమే నడుపుతున్నది. కొండదారుల్లోని సైనికుడి దగ్గరకు మరో దేశంలో ఇంత శ్రద్ధగా వెళ్లగలిగిన వ్యవస్థ, విడవలూరు మండలంలోని మత్స్యకార పల్లెకు నెలకోసారి ఒక సంచార శిబిరాన్ని పంపలేదని ఎవరూ అనలేరు. అమెరికా తన మాజీ సైనికుడికి సేవ వల్ల కలిగిన వైకల్యానికి ఇచ్చే పరిహారాన్ని ఆయన ఏ దేశంలో ఉన్నా చెల్లిస్తుంది, ఆ రుగ్మతలకు విదేశంలో చేయించుకున్న వైద్యం ఖర్చునూ భరిస్తుంది. ఆ దేశ సైన్యంలో చేరిన తెలుగు యువతీయువకుల తల్లిదండ్రులు తెలుసుకోవలసిన సంగతి కూడా ఒకటి ఉన్నది: అక్కడి సైనిక జీవిత బీమా 2023 మార్చి నుంచి గరిష్ఠంగా 5 లక్షల డాలర్లు, సేవలో మరణిస్తే ఇచ్చే తక్షణ పరిహారం లక్ష డాలర్లు, బీమా సొమ్ము సైనికుడు రాసిచ్చిన వ్యక్తికి చెందుతుంది, ఆ నామినీ పత్రంలో ఎవరి పేరున్నదో బిడ్డను అడిగి తెలుసుకోవడంలో తప్పులేదు. 1947కు ముందు బ్రిటిష్ పాలనలో సైన్యంలో పనిచేసిన అతివృద్ధులకూ వారి వితంతువులకూ, 1921లో కేప్‌టౌన్‌లో స్థాపితమైన రాయల్ కామన్వెల్త్ ఎక్స్ సర్వీసెస్ లీగ్ నేటికీ సహాయం చేస్తున్నది.

2022లో వచ్చిన అగ్నిపథ్ విధానం ఈ చిత్రానికి కొత్త ప్రశ్నను జోడించింది. నాలుగేళ్ల సేవ ముగించి వచ్చే అగ్నివీరుడికి సుమారు 11.71 లక్షల రూపాయల సేవా నిధి లభిస్తుంది, కానీ పింఛను, మాజీ సైనికుడి హోదా, ఈ.సి.హెచ్.ఎస్. వైద్యం లేవు, శాశ్వత సేవకు ఎంపికయ్యే 25 శాతం వరకు మాత్రమే ఆ దారి తెరిచి ఉన్నది. ఇటువంటి యువకులకు కూడా సలహా, ఉద్యోగ సమాచారం ఇచ్చే బాధ్యతను జిల్లా సైనిక బోర్డులకు స్పష్టంగా అప్పగించడం అవసరం.

హక్కు నిరాకరింపబడినప్పుడు న్యాయం కోరే మార్గాలు ఉన్నాయి. 2007 చట్టంతో ఏర్పడిన సాయుధ దళాల ట్రిబ్యునల్ సేవా, పింఛను వివాదాలను విచారిస్తుంది. దాని చెన్నై ధర్మాసనం నెల్లూరుకు దగ్గరలో ఉన్నది. జాతీయ న్యాయసేవల సంస్థ 2025 జూలైలో ప్రారంభించిన వీర్ పరివార్ సహాయతా యోజన కింద సైనిక బోర్డుల్లోనే ఉచిత న్యాయసహాయ కేంద్రాలు ఏర్పాటవుతున్నాయి. సరిహద్దులో ఉన్న సైనికుడి ఇంటి స్థలం తగాదా నుంచి వితంతువు పింఛను వివాదం వరకు అక్కడ చెప్పుకోవచ్చు.

విదేశాల్లో ఉన్న కొడుకులూ కూతుళ్లూ ఈ వారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు నాన్నగారి పి.పి.ఓ.లో అమ్మ పేరు, పుట్టిన తేదీ ఎలా ఉన్నాయో చదివించుకొని, ఆధార్‌తో పోల్చి చూడాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా, నాన్నగారి సంతకం దొరికే ఈ రోజుల్లోనే ఆ దరఖాస్తును నెల్లూరు సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా రికార్డ్ ఆఫీసుకు పంపించాలి.